ఒకే తేదీ, వేరే వేరే ఏళ్లు: మన జిల్లాల తేదీలు చెప్పండి

గంటస్తంభం
మా హైస్కూల్లో ప్రార్థన అయ్యాక రోజూ ఒకరు "చరిత్రలో ఈ రోజు" చదవాలి. అలవాటు మంచిదే, నాకు ఇష్టం కూడా. బాధల్లా ఏమిటంటే పిల్లలు ఫోన్లో కనిపించింది రాసుకొచ్చి చదివేస్తున్నారు. జనవరి 24న తొమ్మిదో తరగతి అమ్మాయి చదివినవి ఇవి: 1848లో కాలిఫోర్నియాలో బంగారం బయటపడింది, 1965లో చర్చిల్ చనిపోయాడు, జాతీయ బాలికా దినోత్సవం. అంతే. చదువుతున్నది విజయనగరంలో. 1757లో సరిగ్గా అదే తేదీన బొబ్బిలి కోట పడిపోయింది. ఆ మాట ఎవరి నోటా రాలేదు. పిల్లనేమీ అనలేం, దొరికింది చదివింది.

మన విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల తేదీలతో ఒక నోటుపుస్తకం తయారు చేద్దామనుకుంటున్నాను. ఒక్కో తేదీకి మన దగ్గర జరిగింది ఒకటి, అదే తేదీన బయట జరిగింది ఒకటో రెండో. తెలిసినవి చెప్పండి. ఖాయంగా తెలిసినవే చెప్పండి, మైకులో చదివించేవి కదా.

ఇంకో సంగతి. స్టాఫ్‌రూంలో ఒకాయన "ఒకే తేదీన ఇన్ని జరిగాయంటే ఊరికే కాదండీ, కొన్ని తేదీలకి బలం ఉంటుంది" అంటారు. దీని మీద పిల్లలు అడిగితే ఏం చెప్పాలి?

బొబ్బిలి_వీణ
జనవరి 24 ఎత్తారు కాబట్టి మా ఊరితోనే మొదలెడతాను.

విజయనగరం పూసపాటి వారికీ బొబ్బిలి వారికీ సరిహద్దులు, నీళ్ల దగ్గర ఎప్పటినుంచో తగాదా. ఫ్రెంచి సేనాని బుస్సీ ఈ ప్రాంతానికి వచ్చినప్పుడు విజయనగరం రాజు పెద విజయరామరాజు ఆయన్ని తన వైపు తిప్పుకున్నాడు. 1757 జనవరి 24 పొద్దుట ఫిరంగులు మొదలయ్యాయి. అది మట్టికోట, అయినా లోపలివాళ్లు గంటలకొద్దీ నిలబడ్డారు. ఇక నిలవదని తెలిశాక ఆడవాళ్లు, పిల్లలు శత్రువుల చేతికి చిక్కకూడదని తమవాళ్ల చేతుల్లోనే ప్రాణాలు వదిలారు. బొబ్బిలి రాజా రంగారావు పోరాడుతూ పోయాడు. పసివాడైన వారసుడు ఒక్కడు మిగిలాడు. తాండ్ర పాపారాయుడు అప్పుడు రాజాంలో ఉన్నాడు, వచ్చేసరికి అంతా అయిపోయింది. మూడో రాత్రి విజయరామరాజు డేరాలోకి దూరి ఆయన్ని చంపి, తనూ అక్కడే పోయాడు.

అదే జనవరి 24న, 1950లో, రాజ్యాంగ సభ జనగణమనను జాతీయగీతంగా స్వీకరించింది. రాజేంద్రప్రసాద్ గారు రాష్ట్రపతిగా ఎన్నికైనట్టు ప్రకటించిందీ, సభ్యులు రాజ్యాంగం మీద సంతకాలు పెట్టిందీ ఆ రోజే. 1966 జనవరి 24న ఇందిరాగాంధీ మొదటిసారి ప్రధానిగా ప్రమాణం చేశారు. ఆ రోజే ఎయిరిండియా విమానం ఆల్ప్స్‌లో మాంట్ బ్లాంక్ కొండను గుద్దుకుని హోమీ భాభా చనిపోయారు. కాలిఫోర్నియా బంగారం దాకా పోవాల్సిన పనేముంది?

మూడులాంతర్లు
చర్చిల్‌ని తీసెయ్యకండి మాస్టారూ. ఆయన పుట్టింది 1874 నవంబరు 30. గురజాడ వారు కన్నుమూసింది 1915 నవంబరు 30. చర్చిల్ పోయింది బొబ్బిలి యుద్ధం తేదీన. పుట్టిన తేదీ, పోయిన తేదీ రెండూ విజయనగరం జిల్లాకే తగిలాయి. ఇంకా వినండి, చర్చిల్ తండ్రి లార్డ్ రాండాల్ఫ్ కూడా జనవరి 24నే పోయాడు, 1895లో. తండ్రి పోయిన సరిగ్గా 70 ఏళ్లకి, అదే తేదీన కొడుకు.

గంటస్తంభం
ఇది పిల్లలకి బాగా పడుతుంది. నవంబరు 30కి మన దేశం నుంచి ఇంకేమైనా ఉందా?

మూడులాంతర్లు
జగదీశ్ చంద్ర బోస్ జన్మదినం, 1858. మొక్కల స్పందనల మీద, రేడియో తరంగాల మీద పనిచేసిన ఆయన. గురజాడ కంటే నాలుగేళ్లు పెద్ద. ఒకరు కలకత్తాలో, ఒకరు విజయనగరంలో, ఒకే కాలంలో పని చేశారు. ఆ పేజీలో చర్చిల్ కంటే ఈయనకే ఎక్కువ చోటివ్వండి.

రాజాం_రోడ్డు
పాపారాయుడు మా వాడు. రాజాం మొన్నటిదాకా శ్రీకాకుళం జిల్లా, 2022 నుంచి విజయనగరం జిల్లా. కాబట్టి నోటుబుక్కులో రెండు జిల్లాల కిందా రాయాలి, ఒప్పుకోకపోతే మేం డేరా దాకా వస్తాం 😀

పాత_పేపర్లు
చదివించే ముందు ఒక్క జాగ్రత్త. పాత తేదీల దగ్గర ఏ క్యాలెండరు అన్నది చూసుకోవాలి. షేక్‌స్పియర్, సెర్వాంటెస్ ఇద్దరూ 1616 ఏప్రిల్ 23న పోయారని ప్రతి ఫార్వర్డులోనూ వస్తుంది. ఇంగ్లండు అప్పటికి పాత జూలియన్ క్యాలెండరు వాడుతోంది, స్పెయిన్ కొత్త గ్రెగోరియన్ క్యాలెండరులో ఉంది. కాగితం మీద తేదీ ఒకటే, మధ్యలో పది రోజుల తేడా. ఇంగ్లండు 1752లో మారింది. ఆ సెప్టెంబరులో 2వ తేదీ తర్వాత రోజు 14వ తేదీ అయింది. రష్యా ఇంకా ఆలస్యం, అందుకే వాళ్ల అక్టోబరు విప్లవం నవంబరు 7న జరుపుకునేవారు.

బొబ్బిలి తేదీకి ఈ చిక్కు లేదు. 1757 నాటికి ఫ్రెంచి వాళ్లూ ఇంగ్లీషు వాళ్లూ ఇద్దరూ కొత్త లెక్కలోనే ఉన్నారు.

పంచాంగం_రావు
అందరూ ఇంగ్లీషు తేదీలే పట్టుకున్నారు. ఆ రోజుల్లో బొబ్బిలి జనానికి జనవరి ఎక్కడిది? వాళ్లకి అది ధాత నామ సంవత్సరం, మాఘ శుద్ధం. లెక్కేస్తే రథసప్తమికి కాస్త ముందు పడుతుంది. మన పైడితల్లి సిరిమానోత్సవం చూడండి. విజయదశమి తర్వాత వచ్చే మంగళవారం. ఆ అమ్మవారి కథ కూడా బొబ్బిలి యుద్ధంతోనే ముడిపడింది. విజయరామరాజు చెల్లెలిగా కొలుస్తారు. జనం గుర్తుపెట్టుకునే పద్ధతి అది, తేదీతో కాదు.

ఇంకోటి చూడండి. ధాత సంవత్సరం అరవై ఏళ్లకోసారి వస్తుంది. 1756-57లో బొబ్బిలి. 1876-77లో దక్షిణాదిని ఊడ్చేసిన ధాత కరువు, పేరే అది. 1936-37 ధాత మొదట్లోనే, ఏప్రిల్ 1న, ఒడిశా ఏర్పడి పర్లాకిమిడి అటు పోయింది. 1996-97 ధాతలో, నవంబరు 6న, కోనసీమ తుఫాను. స్టాఫ్‌రూం ఆయన మాటలో ఏమీ లేదంటారా?

లెక్కల_మాస్టారు_చీపురుపల్లి
రావు గారూ, 1816-17 ధాత ఎందుకు వదిలేశారు? అందులో పెద్దది ఏదీ గుర్తుకు రాలేదు కాబట్టి. పైగా ఒక సంవత్సరం అంటే మూడొందల అరవై రోజుల పైమాట. ఇంత పెద్ద నేలలో ఏడాది పొడుగునా వెతికితే కరువో తుఫానో దొరక్కపోవడమే కష్టం. అరవై పేర్లలో ఏది తీసుకున్నా ఇలాంటి జాబితా తయారవుతుంది.

గంటస్తంభం గారి రెండో ప్రశ్నకి నేను క్లాసులో చేయించేది చెప్తాను. గదిలో ఎంతమంది ఉంటే ఇద్దరి పుట్టినరోజు ఒకే తేదీ అయ్యే అవకాశం సగం దాటుతుంది అని అడుగుతాను. పిల్లలు 180 అనో 200 అనో అంటారు. జవాబు 23. నలభైమంది క్లాసులో ఆ అవకాశం దాదాపు 89 శాతం. వెంటనే అందరి చేతా తేదీలు చెప్పిస్తాను. ఎందుకు ఇంత తక్కువమంది చాలంటే, మనం ఒక్క తేదీతో పోల్చడం లేదు, ప్రతి ఒక్కరినీ మిగతా అందరితో పోలుస్తున్నాం. 23 మందిలో జతలు 253. చరిత్ర అయితే లక్షల సంఘటనలు, తేదీలు 366. కలవకపోతే ఆశ్చర్యపోవాలి గానీ కలిస్తే కాదు.

బొబ్బిలి_వీణ
ఇది చెప్తే పిల్లలకి ఉన్న కాస్త సరదా పోతుందేమో మాస్టారూ.

లెక్కల_మాస్టారు_చీపురుపల్లి
పోదండీ. 23 అని చెప్పినప్పుడు వాళ్ల మొహాలు చూడాలి. సరదా అక్కడే మొదలవుతుంది.

ఉద్దానం_కొబ్బరి
లెక్క సరే. మాది కవిటి వైపు, నా మాట కూడా వినండి.

2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. అది ఒడిశా అంటారు గానీ గోపాల్‌పూర్ మాకు ఎంత దూరం? ఇచ్ఛాపురం, సోంపేట, కవిటి, కంచిలి, అంతా దెబ్బతింది. దసరా రోజులు. పిండివంటలు చేసుకోవాల్సినవాళ్లం బడిలో చాపలు పరుచుకుని కూర్చున్నాం. ఏడాది తిరిగింది. 2014, మళ్లీ అక్టోబరు 12. ఈసారి హుద్‌హుద్, విశాఖ దగ్గర పట్టపగలు తీరం దాటింది. విజయనగరం, శ్రీకాకుళం రెండు జిల్లాలూ అతలాకుతలం. రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లు లేవు. అదే తేదీ, ఒక్క రోజు అటూ ఇటూ కాలేదు.

తర్వాత 2018. అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ, పలాస దగ్గర. ఇది మా నెత్తి మీదే దిగింది. కొబ్బరి, జీడి, పనస, ఏ తోటా నిలబడలేదు. వరి పోతే మళ్లీ ఏడాది వేసుకుంటాం. కొబ్బరి చెట్టు పోతే, మొక్క నాటి అది కాపుకొచ్చేదాకా ఇల్లు దేనిమీద నడవాలి? మా నాన్న నాటిన చెట్లు అవి. పడిపోయిన మానుల మధ్య ఆయన తిరుగుతుంటే పలకరించడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు.

దసరా వస్తోందంటే మా ఇంట్లో టెన్షన్ మొదలవుతుంది. అమ్మ బియ్యం, కిరోసిన్, అగ్గిపెట్టెలు, కొవ్వొత్తులు పైన అటక మీద పెట్టేస్తుంది. మీరు దీన్ని కాకతాళీయం అంటే నేను ఒప్పుకోను.

అరసవల్లి_అమ్మాయి
అన్నా, చదువుతుంటే ఆ రోజులే కళ్ల ముందుకొచ్చాయి. మాకు శ్రీకాకుళంలో తిత్లీ గాలి, ఆ వెంటనే వంశధార వరద.

లెక్కల_మాస్టారు_చీపురుపల్లి
మీరు ఒప్పుకోకపోవడమే సరైనది. నేనూ కాకతాళీయం అనను. అక్టోబరు, నవంబరుల్లో నైరుతి వెనక్కి తగ్గి ఈశాన్య రుతుపవనం మొదలయ్యే కాలం. బంగాళాఖాతం నీళ్లు వెచ్చగా ఉంటాయి, పై గాలులు తుఫాను కట్టుకోవడానికి వీలిస్తాయి. అందుకే మన వైపు పెద్ద తుఫాన్లు ఎక్కువగా ఈ నెలల్లో వస్తాయి. 1977 దివిసీమ ఉప్పెన నవంబరు 19, ఒడిశా సూపర్ సైక్లోన్ 1999 అక్టోబరు 29, కోనసీమది నవంబరు 6. ఏడాదిలో 365 రోజుల్లోనూ సమానంగా పడేవి కావు ఇవి, రెండు మూడు నెలల్లో కుక్కుకుని వస్తాయి. అలాంటప్పుడు రెండు తుఫాన్లు ఒకే తేదీన కలిసే అవకాశం బాగా పెరుగుతుంది. సరిగ్గా 12 మీదే పడటం కలిసిరావడం, అక్టోబరులో పడటం మాత్రం రుతువు పని. మీ అమ్మగారు అటక మీద బియ్యం పెట్టడం మూఢనమ్మకం కాదు, అనుభవం.

దీనికి ఎదురుగా మెక్సికో సెప్టెంబరు 19 పెట్టి చూడండి. 1985 సెప్టెంబరు 19న 8.0 తీవ్రతతో భూకంపం, మెక్సికో సిటీలో వేలమంది పోయారు. దాని జ్ఞాపకంగా ఏటా ఆ రోజు దేశమంతా భూకంప డ్రిల్లు చేస్తారు. 2017 సెప్టెంబరు 19న డ్రిల్లు అయిన రెండు గంటలకి నిజంగానే 7.1 తీవ్రతతో భూకంపం వచ్చింది. 2022లో అదే తేదీన, డ్రిల్లు అయిన గంటలోపే మూడోది. భూకంపాలకి రుతువు లేదు. భూమి లోపలి పలకలకి క్యాలెండరు తెలీదు. ఇది మాత్రం ఉత్త కలిసిరావడమే, ఎంత గుండె దడదడలాడినా సరే.

ఉద్దానం_కొబ్బరి
మూడుసార్లూ ఒకే తేదీయా? అక్కడి జనం ఆ రోజు ఎలా నిద్రపోతారో నాకు అర్థమవుతుంది.

పంచాంగం_రావు
మూడుసార్లు అయినా ఉత్తదే అంటారు. ఇంక మీతో వాదించలేం.

లెక్కల_మాస్టారు_చీపురుపల్లి
రావు గారూ, నమ్మి ఆ ఒక్కరోజే జాగ్రత్తగా ఉండి, సెప్టెంబరు 20న నిర్లక్ష్యంగా ఉంటే? మెక్సికోలో మిగతా తేదీల్లోనూ భూకంపాలు వచ్చాయి. 2017లోనే, ఆ పన్నెండు రోజుల ముందు సెప్టెంబరు 7 రాత్రి ఇంకా పెద్దది వచ్చింది. నా భయం అదొక్కటే.

ఆమదాలవలస_జంక్షన్
సెప్టెంబరు 19 అనగానే భూకంపాలు తప్ప ఇంకేం గుర్తుకు రావా? 2000 సెప్టెంబరు 19, సిడ్నీ. మన ఊసవానిపేట కరణం మల్లీశ్వరి 69 కిలోల విభాగంలో 240 కిలోలు ఎత్తి కంచు పతకం తెచ్చింది. స్నాచ్ 110, క్లీన్ అండ్ జెర్క్ 130. ఒలింపిక్స్‌లో పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ. ఆ ఆటల్లో మొత్తం దేశానికి వచ్చిన పతకం ఆ ఒక్కటే. శ్రీకాకుళం జిల్లా నుంచి!

అరసవల్లి_అమ్మాయి
దానికి జత నేను చెప్తాను. 1893 సెప్టెంబరు 19న న్యూజిలాండ్‌లో ఆడవాళ్లకి ఓటు హక్కు చట్టమైంది. పార్లమెంటు ఎన్నికల్లో ఆడవాళ్లందరికీ ఓటు ఇచ్చిన మొదటి దేశం అదే. ఒకే తేదీన రెండు "మొదటిసారి"లు, రెండూ ఆడవాళ్లవే. ఈ పేజీ మా స్కూలు ఆడపిల్ల చేతే చదివించాలి సార్.

ఆమదాలవలస_జంక్షన్
యువరాజ్ ఆరు బంతుల్లో ఆరు సిక్సర్లు కొట్టింది కూడా 2007 సెప్టెంబరు 19నే, డర్బన్‌లో. అది కూడా వేస్తే మగపిల్లలూ చప్పట్లు కొడతారు.

గంటస్తంభం
సెప్టెంబరు 19 పేజీ నిండిపోయింది. చాలా సంతోషం.

డ్రిల్లు_సార్
నేను వ్యాయామ ఉపాధ్యాయుణ్ణి. ఆగస్టు 29 గురించి నా గోడు. ధ్యాన్‌చంద్ గారు పుట్టింది 1905 ఆగస్టు 29, అందుకే జాతీయ క్రీడా దినోత్సవం. గిడుగు రామమూర్తి పంతులు గారు పుట్టింది 1863 ఆగస్టు 29, అందుకే తెలుగు భాషా దినోత్సవం. ఏటా ఆ రోజు మైదానంలో నేను పోటీలు పెట్టుకుంటే, హాల్లో తెలుగు మేడం ఉపన్యాస పోటీ. మంచి వక్తలూ మంచి ఆటగాళ్లూ ఒకే పిల్లలు. ఎవరి దగ్గరికి పంపాలి? ఎవరో ఒకరు ఒక రోజు మార్చుకోవచ్చు కదా.

శ్రీముఖలింగం_వాసి
ఏటి మాస్టారూ, మార్చడమా! గిడుగు వారిది మా పక్కనే పర్వతాలపేట. ఆయన సవరల భాష నేర్చుకుని, దానికి వ్యాకరణం, నిఘంటువు రాసిన మనిషి. బడిలో పిల్లలు మాట్లాడే తెలుగులోనే చదువు ఉండాలని ముసలితనం దాకా పోరాడారు. శ్రీకాకుళం జిల్లా వాడు దేశానికి ఇచ్చిన తేదీ అది. పొద్దున్న ఉపన్యాసాలు, సాయంత్రం ఆటలు పెట్టుకోండి. తేదీ కదపకండి.

పాత_పేపర్లు
ఇక్కడ ఒక విషయం గమనించండి. గిడుగు, ధ్యాన్‌చంద్ ఒకే తేదీన పుట్టడం కలిసిరావడం. ఆ తేదీని పండగ చెయ్యడం మనుషుల నిర్ణయం. చరిత్రలో చాలా "ఒకే తేదీలు" ఇలా ఎంచుకున్నవే. 1930 జనవరి 26న కాంగ్రెస్ పూర్ణస్వరాజ్య దినం జరిపింది. అందుకే రాజ్యాంగం 1949 నవంబరులోనే ఆమోదం పొందినా, అమలు మాత్రం 1950 జనవరి 26 దాకా ఆపారు. ఆగస్టు 15 కూడా అంతే. 1945 ఆగస్టు 15న జపాన్ లొంగుబాటు ప్రకటించింది. దానికి రెండేళ్లు నిండే రోజు కాబట్టే ఆ తేదీ తనకి తోచిందని మౌంట్‌బాటెన్ తర్వాత చెప్పాడు. స్టాఫ్‌రూం ఆయన "ఊరికే కాదు" అన్న మాట వీటికి మాత్రం చక్కగా సరిపోతుంది.

డ్రిల్లు_సార్
పొద్దున్న ఉపన్యాసాలు, సాయంత్రం ఆటలు. తెలుగు మేడంతో మాట్లాడతాను. బాగుంది.

భీమిలి_దారి
1794 జూలై 10, పద్మనాభ యుద్ధం ఎవరూ చెప్పలేదే. విజయనగరం రాజు చిన విజయరామరాజు ఈస్టిండియా కంపెనీకి పేష్కషు, అంటే కప్పం, బాకీ పడ్డాడు. వాళ్లు ఎస్టేటు లాక్కుని, పింఛను తీసుకుని మచిలీపట్నం వెళ్లి ఉండమన్నారు. ఆయన వెళ్లలేదు. తన వాళ్లతో పద్మనాభం కొండ దగ్గర మకాం పెట్టాడు. కల్నల్ ప్రెండర్‌గాస్ట్ సేనతో వచ్చాడు. తెల్లవారుజామున మొదలైన పోరులో రాజు, ఆయన మనుషులు చాలామంది పోయారు. ఎనిమిదేళ్ల కొడుకు నారాయణబాబుతో తర్వాత కంపెనీ రాజీ చేసుకుని, ఎస్టేటు బాగా తగ్గించి ఇచ్చింది. బొబ్బిలి మీదికి ఫ్రెంచి వాళ్లని తెచ్చిన వంశానికే 37 ఏళ్లకి ఇంగ్లీషు వాళ్ల చేతిలో ఇది జరిగింది.

అదే జూలై 10న, 1806లో, వెల్లూరు సిపాయిల తిరుగుబాటు. కొత్తరకం తలపాగా పెట్టుకోవాలి, బొట్టు పెట్టకూడదు, గడ్డాలు తియ్యాలి అన్న ఉత్తర్వుల మీద మండిపడి రాత్రికి రాత్రి కోట పట్టుకున్నారు. 1857కి యాభై ఏళ్ల ముందు. రెండూ మద్రాసు కంపెనీ వాళ్ల మీదే, ఒకే తేదీ. ఇది కాకతాళీయం అంటే ఎలా?

మూడులాంతర్లు
శత్రువు ఒకడే, కారణాలు వేరు. ఇక్కడ బాకీ, అక్కడ తలపాగా. వెల్లూరు సిపాయిలు పద్మనాభం తేదీ చూసుకుని లేచారా? లేదు. కంపెనీ అహంకారం రెండుచోట్లా ఉంది, అది సంబంధం. తేదీ సంబంధం కాదు.

భీమిలి_దారి
ఆ మాట ఒప్పుకుంటాను. అయినా పక్కపక్కన చదివితే కంపెనీ ఎలాంటిదో పిల్లలకి ఒక్క రోజులో తెలుస్తుంది. జూలై 4 కూడా రాసుకోండి. అల్లూరి సీతారామరాజు 1897లో పుట్టిన పాండ్రంగి కూడా ఇప్పటి పద్మనాభం మండలమే. 1902 జూలై 4న వివేకానందుడు దేహం వదిలారు. 1826 జూలై 4న అమెరికా మాజీ అధ్యక్షులు జెఫర్సన్, ఆడమ్స్ ఇద్దరూ ఒకే రోజు పోయారు, స్వాతంత్ర్య ప్రకటన జరిగి సరిగ్గా యాభై ఏళ్లు నిండిన రోజున.

రాజాం_రోడ్డు
పద్మనాభం విశాఖ జిల్లా కదా, మన నోటుబుక్కులోకి ఎలా వస్తుంది?

భీమిలి_దారి
రాజు ఏ ఊరివాడు మరి?

గంటస్తంభం
వస్తుంది, వస్తుంది. గొడవ పడకండి.

కొత్తవలస_ప్యాసింజర్
రాయాలా వద్దా అని ఆలోచించి రాస్తున్నాను. 2023 అక్టోబరు 29 సాయంత్రం అలమండ, కంటకాపల్లి మధ్య రాయగడ ప్యాసింజరు, ముందున్న పలాస ప్యాసింజరును వెనక నుంచి గుద్దింది. పద్నాలుగు మంది పోయారు. విశాఖలో పనులు చేసుకుని ఇళ్లకి పోయే జనం ఎక్కే బండ్లు అవి. నేనూ అదే లైన్లో తిరుగుతాను. 2005 అక్టోబరు 29న నల్గొండ జిల్లా వలిగొండ దగ్గర వరదకి చిన్న వంతెన కొట్టుకుపోయి డెల్టా ప్యాసింజరు పడిపోయింది, వందమందికి పైగా పోయారు. ఆ సాయంత్రమే ఢిల్లీ బజార్లలో దీపావళి రద్దీలో బాంబులు పేలాయి. ఇప్పుడు లెక్కల మాస్టారు సూపర్ సైక్లోన్ కూడా అక్టోబరు 29 అన్నారు. మా బోగీలో రోజూ కలిసి వచ్చే పెద్దాయన ఒకరు ఆ తేదీన బండెక్కడం మానేశారు. ఆయన్ని చూసి నవ్వే హక్కు ఎవరికీ లేదు.

అరసవల్లి_అమ్మాయి
ఎవరూ నవ్వరన్నా.

లెక్కల_మాస్టారు_చీపురుపల్లి
నవ్వను. ఆ పెద్దాయన బాధ లెక్కతో పోయేది కాదు. పిల్లలకి చెప్పేటప్పుడు మాత్రం నాలుగింటినీ ఒక మూట కట్టొద్దు. సూపర్ సైక్లోన్ రుతువుది. వలిగొండలో కూడా వానలకాలం చెయ్యి ఉంది, వరద వంతెనని తీసుకుపోయింది. ఢిల్లీలో దీపావళి రద్దీ చూసి మనుషులు ఎంచుకున్న రోజు. కంటకాపల్లి ఒకే లైను మీద ఒక బండి వెనక ఇంకో బండి, దానికి వానతో పనిలేదు. తేదీని తిట్టుకుంటే వంతెన ఎందుకు నిలవలేదు, రెండో బండి ఎందుకు ఆగలేదు అని అడగడం మానేస్తాం. పోయినవాళ్లకి మనం బాకీ ఉన్నది ఆ ప్రశ్నలే.

కొత్తవలస_ప్యాసింజర్
ఈ మాట పిల్లలకి చెప్పండి మాస్టారూ. ఇదే చెప్పండి.

పంచాంగం_రావు
తేదీకి బలం ఉందో లేదో పక్కన పెడదాం. అక్టోబరు 29 చదివించే రోజున తిథి కూడా చెప్పించండి, పోయినవాళ్ల ఇళ్లలో ఆబ్దికాలు దాని ప్రకారమే పెడతారు కాబట్టి. అంతవరకు నా మాట ఉంచండి.

గంటస్తంభం
తప్పకుండా రావు గారూ. ప్రతి పేజీలోనూ తేదీ కింద ఆ ఏడాది తిథికి ఒక గీత వదులుతాను.

ఉద్దానం గారూ, అక్టోబరు 12 పేజీ మీరే రాసిస్తారా? నేను రాస్తే ఫోన్లో దొరికిన వాక్యాల్లాగే ఉంటుంది.

ఉద్దానం_కొబ్బరి
రాశాను, చూడండి. "2013లో ఫైలిన్, 2014లో హుద్‌హుద్, రెండూ ఈ తేదీనే తీరం దాటాయి. 2018లో తిత్లీ ఒక రోజు ముందు వచ్చింది. మన తీరానికి ఇది తుఫాన్ల కాలం, డిసెంబరు దాకా ఉంటుంది. ఫైలిన్ అప్పుడు ముందే హెచ్చరిక వచ్చింది, ఆంధ్ర, ఒడిశా తీరాల్లో లక్షలమందిని ఇళ్లనుంచి తరలించారు, అందుకే అంత పెద్ద గాలికీ మనుషులు చాలావరకు దక్కారు. షెల్టరుకి రమ్మన్నప్పుడు వెళ్లాలి. గాలి ఒక్కసారిగా ఆగితే అయిపోయిందనుకుని బయటికి రాకూడదు, అది తుఫాను కన్ను కావచ్చు, వెనక గాలి ఎదురుదిక్కు నుంచి వస్తుంది." చెట్ల సంగతి రాయలేదు, పిల్లలకి అంత వద్దనిపించింది.

అరసవల్లి_అమ్మాయి
చెట్ల సంగతి కూడా ఒక్క వాక్యం రాయండన్నా. మా స్కూల్లో చాలామంది పిల్లలది ఆ వైపే.

ఉద్దానం_కొబ్బరి
సరే, రాస్తాను.

నాగావళి_గట్టు
అంతా ఇప్పుడే చదివాను. ఆగస్టు 15 దగ్గర ఒకటి ఎవరూ అనలేదు. విశాఖ జిల్లాని విడగొట్టి శ్రీకాకుళం జిల్లా ఏర్పాటు చేసింది 1950 ఆగస్టు 15. ఆ సాయంత్రమే అస్సాం, టిబెట్ సరిహద్దులో 8.6 తీవ్రతతో భూకంపం వచ్చింది. కొండలు విరిగి నదులకి అడ్డం పడ్డాయి, ఆ కట్టలు తెగి బ్రహ్మపుత్ర లోయలో ఊళ్లు కొట్టుకుపోయాయి. పాత పేపర్లు గారి లెక్కలో జిల్లాది మనుషులు ఎంచుకున్న తేదీ, రెండోది కలిసిరావడం. జెండా పండగ రోజున జిల్లా పుట్టినరోజని మా బడిలో ఇన్నేళ్లలో ఒక్కరూ చెప్పలేదు.

ఆమదాలవలస_జంక్షన్
విజయనగరం జిల్లా 1979 జూన్ 1న. అప్పుడు బడికి సెలవులు, చదివేవాళ్లుండరు. ఆ పేజీ బడి తెరిచిన మొదటి రోజుకి జరుపుకోండి మాస్టారూ.